డిటెక్టర్ కూయకపోయినా, ఊరికే కూసినా: చేతి మెటల్ డిటెక్టర్ సమస్యలు మీరే సరిచేసుకునే పద్ధతి

"సార్, మిషన్ పోయింది."

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే వారానికి రెండు మూడుసార్లు ఈ ఫోన్ వస్తుంది నాకు. విజయవాడ, గుంటూరుల్లో ఫంక్షన్ హాళ్లకీ, సినిమా హాళ్లకీ, పరీక్ష కేంద్రాలకీ గార్డుల్ని పంపే సంస్థలో సామాను బాధ్యత నాది. వాకీటాకీలు, టార్చిలైట్లు, చేతి మెటల్ డిటెక్టర్లు నా బీరువాలోంచే వెళ్తాయి, చెడితే నా బల్ల మీదకే వస్తాయి. పోయిందని పంపినవాటిలో నిజంగా పోయినవి తక్కువ. బ్యాటరీయో, స్విచ్చో, నిలబడిన చోటో, పట్టుకున్న చెయ్యో సరిచేస్తే చాలావరకు మళ్లీ పలుకుతాయి.

ఊరికే కూసే డిటెక్టర్ గురించి అందరూ ఫిర్యాదు చేస్తారు. చెవులు తినేస్తుంది, క్యూ ఆగిపోతుంది కదా. కూయాల్సిన చోట కూయని దాని గురించి మాత్రం ఎవరూ ఫోన్ చేయరు. గేటు దగ్గర అంతా సాఫీగా సాగుతున్నట్టే ఉంటుంది, జనం చకచకా లోపలికి వెళ్తుంటారు, గార్డు కూడా హాయిగా ఉంటాడు. నాకు టెన్షన్ పెట్టేది ఆ మూగ మిషనే. కాబట్టి ముందు దాన్ని పట్టుకునే సంగతి చెప్తాను.

డ్యూటీ ఎక్కగానే చేయాల్సిన పరీక్ష

ప్రతి గేటుకీ నేనొక చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఇస్తాను. అందులో ఒక రూపాయి బిళ్ల, ఒక పిన్నీసు, అట్టముక్కకు టేపుతో అతికించిన బ్లేడు ముక్క, ఒక చిన్న స్టీలు చెంచా ఉంటాయి. ఎప్పుడూ అవే వస్తువులు ఉండాలి. ఒకరోజు తాళంచెవితో, ఒకరోజు సెల్‌ఫోన్‌తో చూస్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు.

స్టీలు చెంచా ఎందుకంటే, వంటింట్లో వాడే స్టీలు సామానులో చాలావాటికి అయస్కాంతం అంటదు. పైగా ఆ రకం స్టీలులో కరెంటు అంత తేలిగ్గా పారదు. డిటెక్టర్ బల్లపరుపు భాగంలో తీగ చుట్ట ఒకటి ఉంటుంది. అది చుట్టూ మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దగ్గరకు వచ్చిన లోహంలో ఆ క్షేత్రం వల్ల చిన్న కరెంటు సుడులు తిరుగుతాయి, మిషన్ పసిగట్టేది వాటినే. ఇత్తడి, రాగి, వెండిల్లో సుడులు బలంగా తిరుగుతాయి. మామూలు ఇనుముకైతే అయస్కాంత గుణం కూడా తోడవుతుంది. ఈ స్టీలుకు రెండూ తక్కువే. అదే సైజు ఇత్తడి ముక్కకు దూరం నుంచే పలికే మిషన్, చెంచాకు బాగా దగ్గరికొస్తే గాని పలకదు. చెంచా దొరికితే, అదే సైజు ఇత్తడి, రాగి, ఇనుము ముక్కలు కూడా దొరుకుతాయని నమ్మొచ్చు.

వాచీ, ఉంగరం తీసి, చుట్టూ ఇనుము లేని చోట నిలబడి ఆన్ చేయండి. రెండు మూడు సెకన్లు ఆగండి. చెంచాను ప్లాస్టిక్ స్కేలు వెంబడి మెల్లగా మిషన్ వైపు జరుపుతూ, ఎన్ని సెంటీమీటర్ల దగ్గర మొదటి కూత వచ్చిందో చూడండి. మిగతా మూడింటికీ అలాగే. ఆ అంకెలు డ్యూటీ పుస్తకంలో రాయండి. నిన్న 8 దగ్గర పలికింది ఇవాళ 4కి దిగిందంటే, లైటు ఎంత బాగా వెలుగుతున్నా ఆ మిషన్‌కు ఏదో అయిందన్నమాటే.

బ్యాటరీ: ముందు అనుమానించాల్సింది దీన్నే

ఎక్కువ మోడళ్లు టిచ్ బటన్లలా రెండు బొడిపెలుండే 9 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. లోపల 1.5 వోల్టుల చిన్న సెల్స్ ఆరు ఉంటాయి. కొత్త ఆల్కలైన్ బ్యాటరీని మీటర్‌తో చూస్తే 9 వోల్టుల పైనే, దాదాపు 9.5 చూపిస్తుంది. పాతబడ్డది కూడా ఊరికే పెట్టి చూస్తే 8 దాటి చూపిస్తుంది. మోసపోయేది ఇక్కడే. "బ్యాటరీ బానే ఉంది సార్, మీటర్ పెట్టి చూశాం" అంటారు. పని చెప్పకుండా చూస్తే అందరూ బలవంతులే.

అందుకని కనెక్టర్ తగిలించే ఉంచి, మిషన్ ఆన్ చేసి, బొడిపెల అంచులకు మీటర్ ముళ్లు ఆనించండి. రెండు ముళ్లూ ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త. పక్కవాళ్లను ఒక తాళంచెవి తెచ్చి కూయించమనండి. కూసేటప్పుడు అంకె 7 కిందకు జారిందంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే లెక్క. వైబ్రేషన్‌లో పెట్టి ఇంకోసారి చూడండి. వణికే మోటారు శబ్దం కన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. శబ్దంలో బానే ఉండి వైబ్రేషన్‌లో పెట్టగానే ఆరిపోయే మిషన్లు నా బల్ల మీదకు చాలా వచ్చాయి. అన్నిటికీ మందు ఒకటే, కొత్త బ్యాటరీ. మీటర్ లేకపోతే ఇంత రామాయణం అక్కర్లేదు, సీలు తీయని కొత్తది వేసి చూడండి.

ఏ బ్యాటరీ కొనాలన్నది కూడా చూసుకోవాలి. బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద దొరికే చవక జింక్ కార్బన్ రకం బొమ్మలకు చాలు, గేటు డ్యూటీకి చాలదు. రీఛార్జబుల్ వాడే ముందు దాని మీద రాసింది చదవండి. నికెల్ రకాల్లో 8.4 వోల్టులవీ, 7.2 వోల్టులవీ ఉంటాయి. 7.2ది వేస్తే నిండా ఛార్జి ఉన్నా "బ్యాటరీ తక్కువ" లైటు వెలుగుతూనే ఉండొచ్చు. యూఎస్‌బీ వైరుతో ఛార్జి అయ్యే లిథియంవాటితో ఇంకో చిక్కు. లోపలున్న చిన్న సర్క్యూట్ వోల్టేజీని చివరిదాకా 9 దగ్గరే నిలబెట్టి, ఒక్కసారిగా ఆపేస్తుంది. తక్కువైందన్న హెచ్చరిక లైటుకు టైమే ఉండదు. కొన్నిటిలో ఆ సర్క్యూట్ చేసే అల్లరికి డిటెక్టర్ కూడా చిటపటలాడుతుంది. నేను గేట్లకు ఆల్కలైనే పంపుతాను.

బ్యాటరీ మంచిదే అయినా మిషన్ ఆగి ఆగి నడుస్తుంటే కనెక్టర్ చూడండి. రేకులు వదులైతే బ్యాటరీ తీసేసి, సన్నమూతి పటకారుతో కాస్త దగ్గరకు నొక్కండి. తెల్లటి పొడి గానీ పచ్చటి చిలుము గానీ పట్టి ఉంటే, ఆల్కలైన్ బ్యాటరీ కారిందైతే వెనిగర్‌లో ముంచి పిండిన దూదిపుల్లతో, జింక్ కార్బన్‌దైతే వంట సోడా నీళ్లతో తుడవండి. తర్వాత స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. చేతికి ఆ పొడి అంటితే కడుక్కోండి, కంట్లో పెట్టుకోకండి. బ్యాటరీ గదిలో లొటలొటలాడుతుంటే చిన్న స్పాంజి ముక్క పెట్టండి.

స్పేర్ బ్యాటరీని ప్యాంటు జేబులో చిల్లరతో, తాళాలతో కలిపి వేసుకోవద్దు. రెండు బొడిపెలూ ఒకే వైపు ఉంటాయి కాబట్టి ఒక్క బిళ్ల అడ్డం పడితే షార్టయి కాలిపోతుంది. బొడిపెల మీద టేపు ముక్క వేస్తే సరి.

లైటు ఉంది, శబ్దం లేదు

ఒకసారి తెల్లవారుజామున గుంటూరులోని ఒక పరీక్ష కేంద్రం నుంచి ఫోన్. మిషన్ కూయట్లేదు, పిల్లలు వచ్చే టైమైంది. స్పేర్ మిషన్ పట్టుకుని విజయవాడ నుంచి బండి మీద పరుగెత్తాను. వెళ్లేసరికి గార్డు కుర్రాడు దాన్ని బల్ల మీద పెట్టి దూరంగా నిలబడ్డాడు. "షాక్ కొడుతోంది సార్, చెయ్యి జుమ్మంటోంది" అన్నాడు. పక్కనున్న స్విచ్ వైబ్రేషన్ వైపు ఉంది. దాన్ని పైకి జరిపాను, కుయ్యిమంది. మొత్తం రిపేరు అదే.

కాబట్టి మొదట ఆ స్విచ్ చూడండి. ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉన్న మోడలైతే తర్వాత దాన్ని చూడాలి. ఇయర్‌ఫోన్ పెట్టగానే బయటి స్పీకర్‌ను ఆపేసే చిన్న రేకు లోపల ఉంటుంది. దుమ్ముపట్టో, వంగిపోయో అది అలాగే ఉండిపోతే, ఇయర్‌ఫోన్ తీసేసినా స్పీకర్ పలకదు. పిన్నును నాలుగైదుసార్లు పెట్టి తీస్తే చాలావరకు విడిపోతుంది. స్పీకర్ చిల్లులు మూసుకుపోతే మెత్తటి బ్రష్‌తో దులపండి. సూది పెట్టి కెలికితే లోపలి పొర చిరుగుతుంది.

ఇనుము పక్కన ఆన్ చేస్తే మిషన్ మోసపోతుంది

ఈ ఒక్క విషయం ప్రతి గార్డుకూ తెలిస్తే నాకు సగం ఫోన్లు తగ్గుతాయి.

చాలా డిటెక్టర్లు ఆన్ చేసిన మొదటి ఒకటి రెండు సెకన్లలో చుట్టూ ఏముందో చూసుకుని, "నాకు మామూలంటే ఇదీ" అని నిర్ణయించుకుంటాయి. ఆ క్షణంలో మిషన్ స్టీలు టేబుల్ మీద ఉంటే, ఆ టేబుల్ దానికి మామూలైపోతుంది. చేతిలోకి తీసుకున్నాక కూడా కొంతసేపు మందంగానే పనిచేస్తుంది. కొన్ని మోడళ్లలో ఆపి మళ్లీ ఆన్ చేసేదాకా ఆ మందం పోదు.

ఒక ఫంక్షన్ హాల్లో సాయంత్రమంతా డిటెక్టర్ దాదాపు మూగగా ఉంది. పెళ్లికొడుకు తరఫువాళ్లు నడుముకు పెద్ద పెద్ద బకిల్స్ పెట్టుకుని వస్తున్నా పలకలేదు. వెళ్లి ఒక మూల నిలబడి చూశాను. గార్డు క్యూ మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా బ్యాటరీ మిగులుద్దామని మిషన్ ఆపేస్తున్నాడు. మళ్లీ మనిషి రాగానే నడుము దగ్గర పట్టుకునే ఆన్ చేస్తున్నాడు. నడుముకున్నది వాడి యూనిఫాం బెల్టు, ఇంత ఇత్తడి బిళ్ల. ప్రతిసారీ మిషన్ ఆ బిళ్లను చూసి సర్దుకుంటోంది. పాపం, పొదుపు చేద్దామనుకున్నాడు అంతే.

సరైన పద్ధతి ఇది. మిషన్‌ను ఒంటికి దూరంగా, చెయ్యి చాపి, గాలిలోకి ఎత్తి పట్టుకోండి. అప్పుడు ఆన్ చేయండి. మూడు వరకు లెక్కపెట్టండి. డబ్బీలోని పిన్నీసు చూపించి కూత వచ్చాకే మనిషి దగ్గరకు వెళ్లండి. ఎప్పుడు అనుమానం వచ్చినా ఆపి, ఇదే పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టండి.

ఇంకో సంగతి. కొన్ని మోడళ్లు కదులుతున్నప్పుడే పలుకుతాయి. తాళాల గుత్తి మీద కదపకుండా పెట్టి ఉంచితే మొదట కూసి, మెల్లగా ఆగిపోతాయి. అది చెడిపోవడం కాదు, దాని తీరే అంత. అలాంటివాటితో ఒకే చోట ఆపి చూడకూడదు, ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఊపాలి. మరీ వేగంగా విసనకర్రలా ఊపినా చిన్న వస్తువులు తప్పిపోతాయి. ఒంటికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, బట్టకు తగలకుండా జరపడం అలవాటైతే చాలు.

ఊరికే కూస్తుంటే

ముందు గార్డే తన ఒళ్లు తాను చూసుకోవాలి. కడియం, ఉంగరాలు, వాచీ, తాళాల గుత్తి, లాఠీ చివరి ఇనుప పొన్ను, ఐడీ కార్డు క్లిప్పు. ఫోన్ ఇంకో చేతిలో పట్టుకుని తనిఖీ చేసేవాళ్లూ ఉన్నారు.

అవన్నీ పక్కన పెట్టినా కూస్తుంటే ఖాళీ స్థలంలోకి నడిచి, మిషన్‌ను ఆకాశం వైపు ఎత్తండి. అక్కడ ఊరుకుందంటే తప్పు మిషన్‌ది కాదు, చోటుది. అక్కడా కూస్తుంటే బ్యాటరీ మార్చి చూడండి. అప్పటికీ ఆగకపోతే నా బల్ల మీదకు రావాల్సిందే.

చోటు ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి పాత కథ ఒకటుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగితే, ఒంట్లో ఇరుక్కున్న తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ గ్రహాంబెల్ ఒక లోహ శోధిని తయారుచేసి తెచ్చాడు. మంచం మీద పడుకున్న మనిషి ఒంటి మీద దాన్ని జరిపితే స్పష్టమైన గుర్తేమీ దొరకలేదు. పరుపు కింద స్టీలు తీగలున్నాయని తర్వాత తెలిసింది. పైగా వైద్యుడు తూటా కుడివైపే ఉందని నమ్మి అటే వెతకనిచ్చాడు, అది ఉన్నది ఎడమవైపు. గార్ఫీల్డ్ ఆ సెప్టెంబరులో చనిపోయాడు. అంత గొప్పవాడి మిషనే మంచం చేతిలో ఓడిపోయింది, మన గేటు దగ్గరిది ఎంత.

మనకు మంచం బదులు బారికేడ్లు. ఇంద్రకీలాద్రి మీద దసరా క్యూలైన్లు చూసినవాళ్లకు తెలుసు, రెండు పక్కలా గొట్టాలే. అలాంటి లైను లోపల నిలబెట్టి తనిఖీ చేస్తే చెయ్యి చాపినప్పుడల్లా కూస్తుంది. గొట్టాలు అయిపోయిన చోట, రెండు పక్కలా కనీసం ఒక బార దూరం ఖాళీ ఉండేలా నిలబడే చోటు సుద్దతో గీయండి. రోలింగ్ షట్టర్, ఇనుప గ్రిల్లు, పరీక్ష హాళ్లలోని ఇనుప బెంచీలు, అన్నిటికీ ఇదే లెక్క.

కాళ్ల దగ్గరకు రాగానే ప్రతి మనిషికీ కూస్తోందంటే అది నేల. స్లాబులో ఊచలుంటాయి కదా, మిషన్‌ను పాదం దాకా దించగానే వాటిని పట్టుకుంటుంది. ప్లాస్టిక్ స్టూలు ఒకటి పెట్టి, ఒక్కో పాదం దాని మీద పెట్టమనండి. ఒకచోట చెక్కపీట పెట్టారు, అప్పుడూ కూసింది. పీటకు మేకులున్నాయి.

తలుపు చట్రంలా నిలబెట్టే పెద్ద డిటెక్టర్ పక్కనే చేతిది వాడినా, ఇద్దరు గార్డులు రెండు చేతి మిషన్లు ఆనించినంత దగ్గరగా వాడినా ఒకదాని క్షేత్రం ఇంకోదానికి తగులుతుంది. నాలుగడుగులు ఎడం జరిగి చూడండి. పాత ట్యూబులైటు చోకులు, జనరేటర్లు, మాట్లాడుతున్న వాకీటాకీ కూడా అల్లరి చేస్తాయి.

సెన్సిటివిటీ తగ్గించే బటన్ గానీ స్క్రూ గానీ ఉంటే అది చివరి మందు. తగ్గించగానే ఊరుకుంటుంది, నిజమే. అయితే చెంచా పరీక్ష మళ్లీ చేసి చూడండి. బ్లేడు ముక్కను కూడా వదిలేస్తుంటే, మీరు బాగుచేసింది మిషన్‌ను కాదు, మీ చెవుల్ని.

ఇందుకు ఉల్టాగా, సెన్సిటివిటీ పెంచి పెట్టమని అడిగేవాళ్లూ ఉంటారు. కొండవీడు వైపు నుంచి ఒకాయన రెండుసార్లు వచ్చాడు, "బాబాయ్, దీంతో నేలలో బంగారం తెలుస్తుందా" అని. తెలియదు. ఇది జానెడు దూరం కూడా సరిగా చూడలేని మిషన్. పైగా నేలలో 10 రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

కూత నిజమే అయితే

వెండి మొలతాడు, మెడలో రాగి తాయెత్తు, కాలి మెట్టెలు, చీర పిన్నులు, జడపిన్నులు, జేబులో మాత్రల స్ట్రిప్, బూటు అడుగున ఉండే స్టీలు పట్టీ. వీటికి కూస్తే మిషన్ బాగున్నట్టే. కొత్త గార్డులు మొలతాడు సంగతి తోచక ఒకే మనిషిని పదిసార్లు తడుముతారు. "మొలతాడా అన్నా?" అని ఒక్క మాట అడిగితే అయిపోతుంది. ఆడవాళ్లను ఆడ గార్డే చూడాలి. మంగళసూత్రం తీయమని ఎవరినీ అడగొద్దు, కంటితో చూసి పంపండి. కాలిలో రాడ్డు ఉందని చెప్తే కూత అదే చోట, అంత మేరకే వస్తోందా చూడండి.

గుండెకు పేస్‌మేకర్ ఉందని ఎవరైనా చెప్తే ఛాతీ మీద మిషన్ ఆపి ఉంచొద్దు. దాన్ని పక్కన పెట్టి చేత్తో తనిఖీ చేయడమే మంచిది.

ఎండ, వాన, కింద పడటం

మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేస్తే ప్లాస్టిక్ వంగుతుంది, బ్యాటరీ కారుతుంది. వానలో తడిస్తే వెంటనే ఆపి, బ్యాటరీ తీసి, మూత తెరిచి ఫ్యాన్ కింద ఒక రోజంతా ఉంచండి. బియ్యం డబ్బాలో పెట్టడం నాకు నచ్చదు. తేమ లాగడం సంగతేమో గాని తవుడు మాత్రం లోపలికి పోతుంది. ఆరిందో లేదో చూద్దామని గంటకోసారి ఆన్ చేయకండి, పోయేది అప్పుడే.

కింద పడ్డాక తేడా చేస్తే అరచేతి మీద మెత్తగా తట్టండి, రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా మెలితిప్పినట్టు వంచండి. దగ్గర ఏమీ లేకుండానే అప్పుడు కూస్తే లోపల తీగ గానీ అతుకు గానీ ఊడింది. ఆటోనగర్‌లో ఒక కలప డిపోవాళ్లు పాత టేకు దూలాల్లో మేకులు వెతకడానికి ఇలాంటిదే వాడతారు. మేకు తగిలితే రంపం బ్లేడు పోతుంది మరి. దూలం మీద రుద్ది రుద్ది వాళ్ల మిషన్ అడుగు పలచబడి, తీగ చుట్టే బయటికొచ్చింది. తెగిన చుట్టను అతికితే కూత వస్తుంది గాని మునుపటి దూరం రాదు.

వారంటీ ఉంటే స్క్రూ ముట్టుకోవద్దు. లేకపోతే కనెక్టర్ వైరు, స్విచ్, స్పీకర్ మార్చే పని ఎలక్ట్రానిక్స్ రిపేరు తెలిసిన ఎవరైనా చేస్తారు. చుట్టగానీ లోపలి బోర్డుగానీ పోతే, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటే పక్షంలో నేను కొత్తదే కొంటాను.

రిపేరు షాపులో మిషన్ తిరిగిచ్చేటప్పుడు స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టి "చూడండి, కూస్తోంది" అంటారు. అంత ఇనుముకు ఏదైనా కూస్తుంది. మీ డబ్బీ, ప్లాస్టిక్ స్కేలు, డ్యూటీ పుస్తకం వెంట తీసుకెళ్లండి. చెంచా పాత అంకె దగ్గర పలికాకే డబ్బులివ్వండి.